చేతులాపి చూసే హక్కు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పాత ఆర్టు సినిమాలు. విషయం వినగానే మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. బీడీ కూలి రేటు గురించి మాట్లాడాల్సిన చోట, పోలీస్ స్టేషన్లో కౌన్సెలింగ్ పేరుతో కేసులు రాజీ చేయిస్తున్న తీరు గురించి మాట్లాడాల్సిన చోట, ఎప్పుడో యాభై ఏళ్ళ కిందటి సినిమాల ముచ్చట ఎందుకు? ప్రశ్న న్యాయమైందే. దానికి జవాబు చెప్పే ప్రయత్నమే నా ఈ ప్రసంగం.

నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ఇది. 1974 నుంచి 1990 దాకా సుమారు పదిహేనేళ్ళ కాలంలో తెలంగాణ పల్లె స్త్రీ జీవితం మీద కొన్ని గొప్ప సినిమాలు వచ్చాయి. గడీలు, దొరలు, వెట్టి, మగ్గం, వలస అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ సినిమాలు దేశ విదేశాల ఉత్సవాలకు వెళ్ళాయి, జాతీయ బహుమతులు తెచ్చుకున్నాయి. ఎవరి జీవితాన్ని తీశారో ఆ స్త్రీలు మాత్రం వాటిని చూడలేదు. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. సినిమా ఎక్కడ ఆడుతుంది, ఏ వేళకు ఆడుతుంది, ఎవరికి తీరిక ఉంటుంది అన్నవి కూడా అధికార సంబంధాలే.

'ఆర్టు సినిమా' ఎట్లా వచ్చింది

మనం ఆర్టు సినిమా, అవార్డు సినిమా అని పిలిచేదాన్ని విమర్శకులు సమాంతర సినిమా అన్నారు. పెద్ద హీరో, ఆరు పాటలు, నాలుగు ఫైట్లు లేకుండా, తక్కువ ఖర్చుతో, నిజమైన ఊళ్ళలో తీసిన సినిమాలు. వీటి వెనుక ఒక ఆర్థిక ఏర్పాటు ఉంది. కేంద్ర ప్రభుత్వం 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టి కొత్త దర్శకులకు అప్పులిచ్చింది. మృణాల్ సేన్ 'భువన్ షోమ్' (1969), మణి కౌల్ 'ఉస్కీ రోటీ' (1970) అట్లా వచ్చినవే. తర్వాత ఆ సంస్థ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది. డబ్బు ప్రభుత్వం ఇచ్చింది కానీ హాళ్ళు ఇవ్వలేదు. సినిమా తీయడానికి అప్పు దొరికింది, ఆడించడానికి థియేటర్ దొరకలేదు.

ఆ లోటును కొంత తీర్చింది ఫిల్మ్ సొసైటీలు. 1947లో సత్యజిత్ రాయ్, ఆయన మిత్రులు కలకత్తాలో మొదలుపెట్టిన ఉద్యమం అది. మన జిల్లా వరకు కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ ఎన్నో ఏళ్ళు ఈ పని చేసింది. వారాల ఆనంద్ వంటి వారు దాని గురించి తెలుగులో విస్తారంగా రాశారు. ఆ కృషిని నేను తక్కువ చేయడం లేదు. ఒక చిన్న పట్టణంలో ప్రపంచ సినిమాను చూపడం మామూలు విషయం కాదు. అయితే ఆ కాలంలో సాయంత్రం ఏడింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే ప్రదర్శనకు ఏ ఆడమనిషి రాగలిగేది? ఇంట్లో వంట, పిల్లలు, చీకట్లో తిరిగి వెళ్ళడం, చూసినవాళ్ళు ఏమంటారో అన్న భయం. సభ్యత్వం అందరికీ తెరిచే ఉండవచ్చు. వేళ మాత్రం మగవాళ్ళ వేళ.

మన గడీలు, వాళ్ళ కెమెరాలు

శ్యామ్ బెనగళ్ 1974లో తీసిన 'అంకుర్'తో మొదలుపెడదాం. భాష దక్కనీ ఉర్దూ కలిసిన హిందీ. కథ తెలంగాణ ఊరిది. షబానా ఆజ్మీకి ఇది మొదటి సినిమా. ఆమె వేసిన లక్ష్మి పాత్ర దళిత కూలి స్త్రీ. చెవిటి, మూగ భర్త ఊరొదిలి వెళ్ళిపోతాడు. పట్నంలో చదువుకొచ్చిన దొర కొడుకు ఆమెను దగ్గరికి తీస్తాడు. కడుపు రాగానే తీయించుకోమంటాడు. భర్త తిరిగి వస్తే అతన్నే కొరడాతో కొడతాడు. చివరికి లక్ష్మి దొరను నోరారా తిడుతుంది. అది పూర్తి తిరుగుబాటు కాదు, ఒక ఆడమనిషి గొంతు విప్పడం మాత్రమే. ఆ తర్వాత ఒక పిల్లవాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. విమర్శకులంతా ఆ రాయి గురించే రాశారు. లక్ష్మి తిట్ల గురించి రాసినవాళ్ళు తక్కువ. మన పల్లెల్లో తిట్టే ఆడవాళ్ళను 'నోటి దురుసు మనిషి' అని తీసిపారేస్తారు. ఆ సినిమా చూస్తే తిట్టు కూడా ఒక వాంగ్మూలమేనని తెలుస్తుంది.

మరుసటి ఏడాది వచ్చిన 'నిశాంత్' ఇంకా ఇబ్బంది పెట్టే సినిమా. 1945 ప్రాంతపు ఊరు. దొర తమ్ముళ్ళు బడిపంతులు భార్యను ఎత్తుకుపోతారు. భర్త పోలీసుల దగ్గరికి, అధికారుల దగ్గరికి తిరుగుతాడు, ఎవరూ పట్టించుకోరు. చివరికి ఊరు తిరగబడుతుంది. ఆ తిరుగుబాటులో దొరలతో పాటు ఆ స్త్రీ కూడా బలైపోతుంది. ఎవరి కోసం మొదలైన పోరాటంలో ఆమే మిగలదు! ఉద్యమాల్లో పనిచేసిన మనకు ఇది కొత్త ప్రశ్న కాదు. సమష్టి కోపంలో స్త్రీ న్యాయం ఎక్కడ జారిపోతుంది అన్న చర్చకు ఇంతకన్నా మంచి ఆరంభం దొరకదు.

మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథను తెలంగాణ పల్లెకు తెచ్చారు. వెంకయ్య అనే తండ్రి, అతని కొడుకు పనిచేయడానికి ఒప్పుకోరు. మనం చేస్తే బాగుపడేది దొర కదా, ఎందుకు చేయాలి అన్నది తండ్రి వాదం. వినడానికి గొప్ప వాదమే. కానీ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నీలమ్మ పనిచేయకపోతే పొయ్యి వెలగదు. మగవాళ్ళ నిరసనకు కూడు పెట్టింది ఆమె శ్రమ. కాన్పు నొప్పులతో ఆమె చచ్చిపోతుంది. దర్శకుడు తండ్రీకొడుకుల మీద మనకు ఒక రకమైన ఆసక్తి కలిగిస్తాడు. మనం మాత్రం నీలమ్మ వైపు నుంచి చూడాలి. పాత సినిమాను కొత్తగా కనిపెట్టడం అంటే అదే. దర్శకుడు చెప్పిన చోటనే నిలబడి చూడాలన్న నియమం ఏమీ లేదు.

ఇక 'మా భూమి'. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నరసింగరావు నిర్మాతగా 1979లో తయారైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. అది తయారవుతున్న కాలాన్ని గుర్తు చేసుకోండి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి చేయమని, ఆక్రమించిన భూములు వదలమని ఇక్కడి కూలీలు అడుగుతున్న రోజుల్లోనే, ముప్పై ఏళ్ళ కిందటి సాయుధ పోరాటం తెర మీదికి వచ్చింది. చరిత్రా వర్తమానమూ అంత దగ్గరగా వచ్చిన సందర్భాలు తెలుగు సినిమాలో అరుదు.

అందులోనూ ఒక స్త్రీ ఉంది. కథానాయకుడు రామయ్య ప్రేమించిన చంద్రి, లంబాడా పిల్ల. ఆమె దొర కోరికకు లొంగక తప్పలేదని తెలిసి రామయ్య మనసు విరిగి ఊరు వదిలిపోతాడు. కథ ఎక్కువ భాగం అతని వెంటే నడుస్తుంది. చంద్రికి ఏమనిపించింది? ఆ ప్రశ్న సినిమా గట్టిగా అడగదు. అడిగింది ఒక పుస్తకం. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తాము చెప్పుకున్నారు. నా సలహా ఏమిటంటే, 'మా భూమి'ని ఎక్కడ చూపించినా ఆ పుస్తకంలోంచి ఒక అక్క చెప్పిన అనుభవం చదివి వినిపించండి. రెండూ కలిస్తేనే చరిత్ర నిండుగా కనిపిస్తుంది.

మాట లేని దాసి

బి.నరసింగరావు 1988లో తీసిన 'దాసి' దగ్గర కాసేపు ఆగాలి. ఇది నిజాం కాలపు గడీ కథ. కమలాక్షి ఆడబాప. పెండ్లికూతురితో పాటు సామాను లెక్కన అరణంగా పంపిన మనిషి. నీళ్ళు తోడుతుంది, దొరసాని కాళ్ళు పిసుకుతుంది, రాత్రి దొర పిలిస్తే వెళ్తుంది. వచ్చిన అతిథి అడిగితే అక్కడికీ వెళ్ళాలి. కడుపు వస్తే దాన్ని తీసేయించాలని నిర్ణయించేది కూడా గడీయే. ఆమె పని మీద, ఒంటి మీద, గర్భం మీద ఆమెకు ఏ అధికారమూ లేదు.

ఈ సినిమాలో మాటలు చాలా తక్కువ. కొందరు దాన్ని లోపం అనుకుంటారు. కమలాక్షికి మాట్లాడే హక్కు ఎక్కడుంది, మాటలు పెట్టడానికి? ఆమెకు ఉన్నది చూపు, నడక, పని. దర్శకుడు వాటినే చూపించాడు. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఛాయాగ్రహణానికి, కళా దర్శకత్వానికి, దుస్తులకు కూడా బహుమతులు వచ్చాయి. కళా దర్శకుడు తోట వైకుంఠం మన కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన చిత్రకారుడు. దుస్తులు సమకూర్చిన సుదర్శన్‌ను ఆ తర్వాత అందరూ 'దాసి సుదర్శన్' అనే పిలిచారు. గడీలోని రాగి బిందె, చీర కట్టు, కడియం, గోడ మీది మసి ఏవీ ఊహించి పెట్టినవి కావు. మన ముసలమ్మలకు ఆ సినిమా చూపిస్తే ప్రతి వస్తువుకూ పేరు చెప్తారు. "గిది మా అమ్మమ్మ చెప్పేటిది" అని మొదలుపెట్టి, ఇన్నేళ్ళుగా దాచుకున్న సంగతులు చెప్తారు. వాళ్ళు ఉండగానే ఈ పని జరగాలి.

ఇది కథ మాత్రమేనా?

ఇంతవరకు చెప్పిన సినిమాలన్నీ మగ దర్శకులవి. సానుభూతి ఉంది, నైపుణ్యం ఉంది. అయినా స్త్రీ బాధను బయటి నుంచి చూసిన చూపు అది. దీనికి భిన్నమైన ప్రయత్నం తెలుగులోనే ఒకటి జరిగింది. చాలామందికి దాని పేరు కూడా తెలియదు.

1980లో దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి 'యుగాంతర్' అనే సమష్టి బృందంగా ఏర్పడ్డారు. 1983 వరకు నాలుగు సినిమాలు తీశారు. పుణెలో ఇళ్ళలో పనిచేసే స్త్రీల సంఘం మీద ఒకటి, కర్ణాటకలోని నిప్పాణి పొగాకు కార్మిక స్త్రీల మీద ఒకటి, చిప్కో ఉద్యమంలోని సుదేశ అనే స్త్రీ మీద ఒకటి. నాలుగోది తెలుగులో, హైదరాబాదులో, స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో తీసిన 'ఇది కథ మాత్రమేనా?'. నిడివి అరగంట లోపే. గృహహింస దాని విషయం.

ఈ సినిమా తయారైన పద్ధతి మనకు పాఠం. ఒక రచయిత గదిలో కూర్చొని రాసిన కథ కాదు. సంఘంలోని స్త్రీలు తమలో తాము మాట్లాడుకున్న అనుభవాల్లోంచి కథ తయారైంది. నటించింది కూడా పేరున్న తారలు కారు. అప్పటికప్పుడు సన్నివేశాన్ని అల్లుకుంటూ నటించారు. ఫలితంగా అందులో మామూలు సినిమా విలన్ భర్త కనిపించడు. ఒక ఇల్లు, ఒక ఇల్లాలు, రోజూ కొంచెం కొంచెంగా ఆమె కుంగిపోవడం, ఎవరితోనూ చెప్పుకోలేని ఒంటరితనం కనిపిస్తాయి. హింస అంటే వాతలు పడడం ఒక్కటే కాదు, మనిషి లోపల లోపల అణగారిపోవడం కూడా అని ఆ సినిమా 1983లోనే చెప్పింది.

ఆ సంవత్సరాన్ని గమనించండి. భార్యపై భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498-ఎ సెక్షన్ శిక్షాస్మృతిలో చేరింది 1983లోనే. మథుర, రమీజాబీ ఉదంతాల మీద దేశవ్యాప్తంగా జరిగిన ఆందోళనల తర్వాత అత్యాచార చట్టం మారింది కూడా ఆ ఏడాదే. చట్టం కోసం రోడ్డెక్కినవాళ్ళే సినిమా కూడా తీశారు. చట్టానికి శారీరక, మానసిక క్రూరత్వం అనే మాటలు కావాలి. ఆ మాటల అర్థం ఒక ఇంటి లోపల ఎట్లా ఉంటుందో సినిమా చూపించింది. మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించడం కూడా గృహహింసేనని విడమరిచి చెప్పిన చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 జులై నుంచి 498-ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు వచ్చాయి. నంబర్లు మారాయి. మన దగ్గరికి వచ్చే స్త్రీ చెప్పే కథ మాత్రం ఆ సినిమాలోదే.

యుగాంతర్ సినిమాలు చాలాకాలం పాత రీళ్ళలో ఉండిపోయాయి. బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థ వాటిని డిజిటల్ రూపంలోకి మార్చడంతో మళ్ళీ చూడగలుగుతున్నాం. సంతోషించాల్సిందే. తెలుగు స్త్రీల ఉద్యమ సినిమా తిరిగి వెలుగు చూడటానికి జర్మనీ వాళ్ళు పూనుకోవాల్సి వచ్చిందంటే, మన చరిత్రను మనం ఎట్లా దాచుకుంటున్నామో కూడా ఆలోచించుకోవాలి. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే మనకు మిగల్లేదు. ఇక స్త్రీలు చిన్న రీలు మీద తీసుకున్న సినిమాను ఎవరు దాస్తారు?

నిదానంగా ఎందుకుంటాయి?

"సినిమా సాగుతలేదక్కా, నిద్రొస్తుంది" అని మన వాళ్ళు అంటారు. ఆ మాటను చిన్నచూపు చూడకూడదు. దానికి కారణం వెతకాలి.

మన కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో బీడీలు చేసే అక్కలు టీవీ పెట్టుకునే పనిచేస్తారు. చాట ఒళ్ళో ఉంటుంది, చేతులు ఆడుతూనే ఉంటాయి, సీరియల్ చెవులకు వినిపిస్తుంది. అందుకే సీరియల్ ప్రతి సంగతినీ మాటల్లో మూడుసార్లు చెప్తుంది. తల ఎత్తకపోయినా కథ తెలుస్తుంది. 'దాసి' అట్లా వినే సినిమా కాదు. కళ్ళతో చూడాలి. చూడాలంటే చేతులు ఆగాలి. చేతులు ఆగితే కూలి ఆగుతుంది. రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చేసే మనిషికి రెండు గంటలంటే నూటయాభై, రెండు వందల బీడీలు. కాబట్టి ఆర్టు సినిమా ఆడవాళ్ళకు ఎక్కదు అనేవాళ్ళు అభిరుచి గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు కానీ, అసలు సమస్య తీరిక. తీరిక లేనివాళ్ళకు అభిరుచి లేదని తీర్పు చెప్పడం అన్యాయం.

విశ్రాంతి, తీరిక మనిషి హక్కులని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్తుంది. కళలను ఆస్వాదించే హక్కు 27వ అధికరణంలో ఉంది. స్త్రీల పట్ల వివక్షను తొలగించే అంతర్జాతీయ ఒడంబడిక, అంటే మనం సీడా అని పిలుచుకునేది, 13వ అధికరణంలో వినోదంలో, సాంస్కృతిక జీవితంలో స్త్రీల సమాన హక్కును ప్రస్తావించింది. భారతదేశం 1993లో దానికి ఆమోదముద్ర వేసింది. మన శిక్షణ తరగతుల్లో ఈ ఒడంబడిక గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈ 13వ అధికరణం దగ్గర మాత్రం ఆగకుండా దాటిపోతాం.

మరొక సంగతి. ఆ నిదానానికే ఒక అర్థం ఉంది. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్‌మాన్ పాతికేళ్ళ వయసులో 1975లో ఒక సినిమా తీసింది. పేరు 'జాన్ డీల్‌మన్'. మూడు గంటల ఇరవై నిమిషాలు. భర్త పోయిన ఒక స్త్రీ మూడు రోజుల ఇంటి పని. ఆలుగడ్డలు తొక్క తీయడం, గిన్నెలు తోమడం, పక్క సర్దడం, కొడుకుకు వడ్డించడం. బతకడానికి మధ్యాహ్నం మగవాళ్ళను రానివ్వడం కూడా ఆ దినచర్యలో ఒక పనే. మామూలు సినిమా వంట పనిని రెండు క్షణాల్లో కోసేస్తుంది. ఈమె కోయలేదు. పనికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూపించింది. ఇంటి చాకిరీ కనిపించదు, లెక్కలోకి రాదు అని మనం వ్యాసాలు రాస్తాం. ఆమె ఆ చాకిరీని లెక్కతో సహా తెరమీద పెట్టింది. 2022లో బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగులో ఆ సినిమా ప్రపంచంలోనే ఉత్తమ చిత్రంగా మొదటి స్థానంలో నిలిచింది. ఒక స్త్రీ తీసిన సినిమాకు ఆ స్థానం రావడం అదే మొదటిసారి.

మన దేశంలో 'ఉస్కీ రోటీ'ది కూడా అదే దారి. పంజాబు పల్లెలో ఒకామె బస్సు డ్రైవరైన భర్త కోసం రొట్టెల మూట పట్టుకొని బస్టాపులో నిలబడుతుంది. సినిమా అంతా దాదాపు ఆ ఎదురుచూపే. ఏమీ జరగదు అంటారు. జగిత్యాల జిల్లాలో దుబాయి, మస్కట్ పోయిన భర్తల కోసం పదేళ్ళు, పదిహేనేళ్ళు ఎదురుచూసిన స్త్రీలను అడగండి, ఎదురుచూపులో ఏమీ జరగదా అని. ఋత్విక్ ఘటక్ 1960లో బెంగాలీలో తీసిన 'మేఘే ఢాకా తారా' చూస్తే, ఇల్లంతటినీ తన సంపాదన మీద మోసి, చివరికి క్షయతో కూలిపోయే పెద్దకూతురు నీత కనిపిస్తుంది. పొగాకు దుమ్ములో దగ్గుతూ తమ్ముళ్ళను చదివించిన మన బీడీ అక్కలకు నీత పరాయిది కాదు.

సాంచాల ఊరికి ఒక మగ్గం సినిమా

సిరిసిల్ల మిత్రులకు ప్రత్యేకంగా ఒక సినిమా చెప్తాను. శ్యామ్ బెనగళ్ 1987లో తీసిన 'సుస్మన్'. చేనేత సహకార సంఘాల డబ్బుతో, పోచంపల్లి ఇక్కత్ నేతగాళ్ళ జీవితం మీద తీశారు. రాములుగా ఓంపురి, గౌరమ్మగా షబానా ఆజ్మీ. ఊరూరికీ పట్టుచీరలు నేసే మనిషి తన బిడ్డ పెండ్లికి ఒక పట్టుచీర నేయలేడు. ఇచ్చిన పట్టులోంచి కొంత దాచి నేస్తాడు, దొంగగా దొరికిపోతాడు. నేసినవాడికి నేసినదాని మీద హక్కు లేకపోవడాన్ని ఇంత సూటిగా చెప్పిన సినిమా మరొకటి నాకు తెలియదు.

సిరిసిల్లది మగ్గం కాదు, సాంచ. కరెంటు బిల్లు, నూలు ధర, ఆర్డర్ ఆగిపోవడం, భివండి వలస, ఆత్మహత్యలు ఇక్కడి కథ. కాబట్టి 'సుస్మన్' చూసినప్పుడు తేడాలు కూడా మాట్లాడుకోవాలి. ముఖ్యంగా కండెలు చుట్టే స్త్రీల పని. నేతగాడు అంటే మగవాడే గుర్తుకొస్తాడు. కండె చుట్టకుండా సాంచ నడవదు. సాంచ ఆగి భర్త ఉరేసుకుంటే అప్పు, పిల్లలు, బీడీ చాట ఆమెకు మిగులుతాయి. ఆ భార్యల సినిమా ఇంకా రాలేదు.

ఎట్లా చూపించాలి

ఇక ఆచరణ గురించి నాలుగు మాటలు.

మొదటిది వేళ. సాయంత్రం పెట్టకండి. కంపెనీ ఆకు ఇవ్వని రోజు చూసి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య పెట్టండి. పిల్లల్ని తీసుకొని రమ్మని చెప్పండి, వాళ్ళను చూసుకోవడానికి ఇద్దరిని కేటాయించండి. బీడీ చాటలు తెచ్చుకుంటామంటే వద్దనకండి, ఒకసారి చేతులు ఆపి చూద్దామని మాత్రం అడగండి.

రెండోది హక్కులు. మన చట్టం ప్రకారం సినిమాపై కాపీరైటు విడుదలైన తర్వాత 60 ఏళ్ళ వరకు ఉంటుంది. నేను చెప్పిన సినిమాల్లో చాలావాటికి అది ఇంకా ఉంది. కొన్ని ఫోన్లో దొరుకుతాయి, ఎవరికి వారు చూడవచ్చు. సభ పెట్టి చూపించాలంటే దర్శకులకో, నిర్మాతలకో ఉత్తరం రాసి అనుమతి అడగండి. మన శ్రమకు విలువ అడిగే మనం ఇంకొకరి శ్రమను అడగకుండా వాడుకోకూడదు.

మూడోది భాష. 'అంకుర్' మనవాళ్ళకు అర్థమవుతుంది. బెంగాలీ, ఫ్రెంచి సినిమాల కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు. ఒకరు ముందే చూసి, పక్కన నిలబడి తెలుగులో కథ చెప్తూ పోవాలి. మన ఊళ్ళలో ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, బతుకమ్మ పాట అందుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. 'ఇది కథ మాత్రమేనా?' వంటివి చూపించినప్పుడు ఎవరో ఒకరు ఏడుస్తారు. ఎవరో లేచి బయటికి పోతారు. వాళ్ళ వెంట ఒక కార్యకర్త వెళ్ళాలి. నలుగురిలో చెప్పమని బలవంతం చేయకూడదు. 181 నంబరు, సఖి కేంద్రం వివరాలు, మన వకీలు పేరు ముందే గోడ మీద రాసి ఉంచాలి. చూసిన తర్వాత ఆమె విన్నది ఆ గది దాటి పోదన్న నమ్మకం ఇవ్వాలి. ఇవి లేకుండా సినిమా వేస్తే ఆమె గాయాన్ని రేపి వదిలేసినట్టవుతుంది.

కెమెరా ఎవరి చేతిలో

చివరిగా ఒక మాట. 'అంకుర్', 'నిశాంత్', 'ఒక ఊరి కథ', 'మా భూమి', 'దాసి' అన్నింటిలో కష్టపడేది బహుజన స్త్రీ, దళిత స్త్రీ. కెమెరా వెనుక ఆమె లేదు. ఆ లోటును ఆ సినిమాల విలువ పూడ్చదు. కానీ దారి లేదని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, చదువు రానివాళ్ళు కూడా, ఈ శతాబ్దం మొదట్లోనే వీడియో కెమెరా పట్టి విత్తనాల మీద, సేద్యం మీద సినిమాలు తీశారు. వాళ్ళు తమ సంఘం రేడియోను 2008 నుంచి నడిపారు. గుజరాత్‌లో 1976లో ఐదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకొని 'మంథన్' సినిమాకు నిర్మాతలయ్యారు. బీడీ కార్మిక స్త్రీలు అట్లా ఎందుకు చేయకూడదు?

అంతవరకు ఎదురుచూడాల్సిన పని లేదు. మూడు పట్టణాల సంఘాలూ మూడు నెలలకొక సినిమా చొప్పున ఏడాదికి నాలుగు చూడాలని నా ప్రతిపాదన. మొదటిది 'దాసి', రెండోది 'ఇది కథ మాత్రమేనా?', మూడోది 'సుస్మన్', నాలుగోది మీరు ఎంచుకోండి. ప్రతి ప్రదర్శన తర్వాత జరిగిన మాటలను, చెప్పినవాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా రాసి ఈ పత్రికకు పంపండి. ఆ సినిమాలను గురించి పండితులు చాలా రాశారు. కమలాక్షి గురించి కోరుట్ల బీడీ అక్క ఏమన్నది, గౌరమ్మ గురించి సిరిసిల్ల నేత ఇల్లాలు ఏమన్నది ఇంతవరకు ఎవరూ రాయలేదు. అది రాయాల్సింది మనమే.

సెలవు.